మాడిఫై చేసిన డీజిల్ ట్రక్కులో ఇంధనం సరిగా అందకపోతే: ట్యాంకు నుంచి ఇంజెక్టర్ దాకా వెతికే పద్ధతి

ట్యూన్ వేశారు (పవర్ పెంచేలా ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చారు), పెద్ద నాజిల్ ఉన్న ఇంజెక్టర్లు బిగించారు, టర్బో కూడా మార్చారు. బండి కొన్నాళ్లు బాగానే లాగింది. ఇప్పుడు ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఒక్కసారిగా చతికిలబడుతోంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతోంది, స్కానర్ పి0087 చూపిస్తోంది. అంటే రైల్‌లో, ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ పంచే గొట్టంలో, ప్రెజర్ ఉండాల్సినంత లేదని. ఇక్కడ చాలామంది చేసే పని హై ప్రెజర్ పంపు మార్చేయడం. మొత్తం వ్యవస్థలో ఎక్కువ ఖరీదైన భాగాల్లో అదొకటి. నిజానికి చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు. దానికి అందాల్సిన డీజిల్ అందడం లేదు, లేదా అది తోసిన డీజిల్ ఎక్కడో కారిపోతోంది. అందుకే ఈ వెతుకులాట ట్యాంకు దగ్గర మొదలుపెట్టి, డీజిల్ నడిచే దారిలోనే ముందుకు సాగాలి. పంపు వంతు చివర్లో వస్తుంది.

ఇందులో ఎక్కువ భాగం కామన్ రైల్ ఇంజన్ల గురించి, అంటే హై ప్రెజర్ పంపు తోసిన డీజిల్‌ను ఒకే రైల్‌లో నింపి అక్కడి నుంచి ఇంజెక్టర్లన్నిటికీ పంచే ఇంజన్ల గురించి. పాత మెకానికల్ పంపుల సంగతి చివర్లో విడిగా చెప్తాను.

పానా పట్టే ముందు

కామన్ రైల్‌లో ఐడ్లింగ్‌లోనే 250 నుంచి 400 బార్ దాకా ప్రెజర్ ఉంటుంది. ఫుల్ లోడులో పాత తరం ఇంజన్లలో 1600 బార్, కొత్తవాటిలో 2000 బార్ దాటుతుంది. ఆ ప్రెజర్‌తో సన్నగా చిమ్మే డీజిల్ గ్లౌజును, చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి సూది గుచ్చినంత మచ్చే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండకపోవచ్చు. కానీ లోపల కండరం చచ్చుబడిపోతుంది. అలా జరిగితే ఇంటికెళ్లి చూద్దాం అనుకోకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, హై ప్రెజర్ డీజిల్ చర్మం లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. అది ఆపరేషన్ అవసరమయ్యే అత్యవసర పరిస్థితి.

పాత మెకానికల్ ఇంజన్ల మీద పని నేర్చుకున్నవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది: ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండర్ మిస్సింగో పట్టుకోవడం. కామన్ రైల్ బండి మీద ఆ పని ఎప్పుడూ చేయకండి. ఇంజన్ ఆపాక కూడా స్కానర్‌లో రైల్ ప్రెజర్ సున్నాకి దగ్గరగా వచ్చిందని చూసుకుని, మరికొన్ని నిమిషాలు ఆగాకే పైపు విప్పాలి. లీకు ఉందేమోనని చేత్తో తడమకుండా పొడవాటి అట్టముక్కతో వెతకండి. ఇంజెక్టర్ వైర్లలో కూడా ఇంజన్ నడిచేటప్పుడు వంద వోల్టుల దరిదాపుల్లో కరెంటు ఉండొచ్చు, వాటినీ ముట్టుకోవద్దు.

ఇక శుభ్రత. ఇంజెక్టర్ లోపలి ఖాళీలు మైక్రాన్లలో ఉంటాయి. విప్పబోయే ప్రతి జాయింటునూ ముందు కడిగి, విప్పిన వెంటనే మూతలు పెట్టండి. గుడ్డలు కుక్కకండి, వాటి పోగులు లోపలికి పోతాయి.

మొదటి అడుగు: బండికి ఏమేం మార్చారో కాగితం మీద రాయండి

కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న బండికి మాన్యువల్‌లో ఉన్న అంకెలు సరిపోతాయి. మాడిఫై చేసిన బండికి ఆ అంకెల్లో సగం పనికిరావు. అందుకే లిఫ్ట్ పంపు (ట్యాంకు నుంచి హై ప్రెజర్ పంపుకు డీజిల్ అందించేది) ఏది, ఫిల్టర్లు ఎన్ని, ఎక్కడున్నాయి, ట్యాంకులో డీజిల్ పీల్చే పికప్ గొట్టం మార్చారా, పైపుల వ్యాసం ఎంత, ఇంజెక్టర్ సైజు, ట్యూన్, రిలీఫ్ వాల్వు (రైల్‌లో ప్రెజర్ మరీ పెరిగితే డీజిల్ వదిలేసేది) సంగతి అన్నీ రాసుకోండి. బండిని మరొకరి దగ్గర కొని ఉంటే కింద పడుకుని మొత్తం పైపులు కళ్లతో చూసి రాయండి. అమ్మినవాళ్ల మాట మీద ఆధారపడకండి.

ఈ జాబితాలో ముందుగా వెతకాల్సింది ప్రెజర్ బాక్స్. రైల్ ప్రెజర్ సెన్సర్‌కి, కంప్యూటర్‌కి మధ్య బిగించే చిన్న పెట్టె అది. సెన్సర్ పంపే వోల్టేజీని తగ్గించి చూపిస్తుంది. ప్రెజర్ తక్కువగా ఉందనుకుని కంప్యూటర్ ఇంకా పెంచుతుంది. అది బిగించి ఉన్నంతకాలం స్కానర్‌లో కనిపించే రైల్ ప్రెజర్ అబద్ధం. అసలు ప్రెజర్ అంతకంటే ఎక్కువ ఉంటుంది. దాన్ని పీకి, ఒరిజినల్ ప్లగ్గు నేరుగా కలిపాకే మిగతా పరీక్షలు చేయండి. కొన్ని బండ్ల సమస్య ఆ పెట్టె తీయగానే పోతుంది.

తర్వాత కంపెనీ ట్యూన్, లేదా ఉన్నవాటిలో తక్కువ పవర్ ఉన్న ట్యూన్ వేసి నడపండి. అప్పుడు సమస్య పూర్తిగా మాయమైతే రెండు అవకాశాలున్నాయి. ఒకటి, ఏ భాగమూ చెడిపోలేదు, ట్యూన్ అడిగేంత డీజిల్ ఇచ్చే సత్తా ఈ వ్యవస్థకు లేదు. రెండు, ఒక భాగం అరగడం మొదలైంది, ఎక్కువ లోడులోనే బయటపడుతోంది. ఏది నిజమో ముందు పరీక్షల్లో తేలుతుంది. తక్కువ ట్యూన్‌లో కూడా అదే ఇబ్బంది ఉంటే ఏదో భాగం కచ్చితంగా పాడైంది.

రెండో అడుగు: ఎప్పుడు మొరాయిస్తోందో గమనించండి

లక్షణం కంటే అది కనిపించే సమయం ఎక్కువ చెప్తుంది.

పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొడితే గాని స్టార్ట్ కావడం లేదు, ఆ తర్వాత రోజంతా బాగుంటుంది: రాత్రంతా పైపులోని డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారిపోయింది, ఎక్కడో గాలి పీలుస్తోంది. బండి ముందుభాగం ఎత్తులో పెట్టి ఆపినప్పుడు ఇబ్బంది ఎక్కువైతే ఈ అనుమానం ఇంకా బలపడుతుంది.

చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అవుతుంది, వేడెక్కాక ఆపి మళ్లీ సెల్ఫ్ కొడితే పట్టుకోదు: వేడికి డీజిల్ పలచబడి, అరిగిన ఇంజెక్టర్ల గుండానో పంపు గుండానో ఎక్కువగా రిటర్న్‌లోకి (ట్యాంకుకు తిరిగి వెళ్లే పైపులోకి) పోతోంది. ఇది హై ప్రెజర్ వైపు గుర్తు.

ఫుల్ ట్యాంకులో సమస్య లేదు, పావు ట్యాంకుకు దిగాక గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే వస్తోంది: పికప్ గొట్టం.

ఫుల్ లోడులో మాత్రమే, అదీ కొన్ని సెకన్లు బాగా లాగాక పడిపోతోంది: ఎక్కడో అడ్డు ఉంది, లేదా పంపుల సత్తా చాలడం లేదు.

ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ కూడా తీసి చూడండి. లెవెల్ పెరిగి, డీజిల్ వాసన వస్తుంటే డీజిల్ లోపలే ఇంజన్‌లోకి కారుతోంది. అప్పుడు బండిని నడపడం ఆపేయండి. పలచబడిన ఆయిల్ బేరింగులను తినేస్తుంది.

మూడో అడుగు: లో ప్రెజర్ వైపు

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. మాడిఫై చేసిన బండ్లలో చేయి పడింది ఈ వైపే ఎక్కువ: కొత్త పంపు, కొత్త హోసులు, ట్యాంకుకు పెట్టిన రంధ్రాలు, వైర్లకు వేసిన అతుకులు.

ముందు ఒక గేజి బిగించండి. అన్ని ఫిల్టర్లూ దాటాక, హై ప్రెజర్ పంపు ఇన్‌లెట్‌కి సరిగ్గా ముందు ఉండాలి. లిఫ్ట్ పంపు పక్కన పెట్టిన గేజి ఫిల్టర్ బ్లాకైనా మంచి ప్రెజరే చూపిస్తుంది. ఇంజన్ పంపు కొట్టే కుదుపులకు సెన్సర్లు త్వరగా పాడవుతాయి కాబట్టి కొంచెం హోసు, ఒక చిన్న నీడిల్ వాల్వు మధ్యలో పెట్టండి. డీజిల్ పైపును మాత్రం క్యాబిన్ లోపలికి తేకండి. క్యాబిన్‌లో ఎలక్ట్రిక్ గేజి చాలు.

సీపీ3 రకం హై ప్రెజర్ పంపున్న బండ్లకు బయట దొరికే లిఫ్ట్ పంపులను చాలావరకు 0.5 నుంచి 1 బార్ మధ్య పెడతారు. మీ పంపు తయారీదారు చెప్పిన హద్దు దాటించకండి, ఎక్కువైతే షాఫ్ట్ సీలుకు ప్రమాదం. ఐడ్లింగ్‌లో ఎంత ఉందన్నదాని కంటే ఫుల్ లోడులో ఎంత పడిపోతోందన్నదే ముఖ్యం. 0.8 బార్ ఉన్నది 0.6కి దిగితే భయం లేదు. సున్నాకి వెళ్తే దొంగ ఇటువైపే ఉన్నాడు. లిఫ్ట్ పంపు అసలే లేకుండా వచ్చే బండ్లూ ఉన్నాయి. 2001 నుంచి 2004 దాకా వచ్చిన ఎల్‌బీ7 డ్యూరామాక్స్ ఇంజన్ అలాంటిదే. సీపీ3 లోపలి గేర్ పంపే ట్యాంకు నుంచి డీజిల్ పీల్చుకుంటుంది. అక్కడ ప్రెజర్ గేజి కాదు, వాక్యూమ్ గేజి పెట్టాలి. ఫుల్ లోడులో 5 అంగుళాల పాదరసం దాటి చూపిస్తే ఫిల్టరో పైపో అడ్డుకుంటోంది.

ప్రెజర్ పడిపోతోంది సరే, కారణం ఎలా పట్టుకోవాలి? ఈ వరసలో చూడండి.

*కరెంటు.* పంపు తిరిగే శబ్దం వినిపిస్తే కరెంటు బాగున్నట్టు కాదు. పంపు నడుస్తూ ఉండగా బ్యాటరీ పాజిటివ్‌కీ పంపు పాజిటివ్ పిన్నుకీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. తర్వాత పంపు ఎర్త్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య పెట్టండి. ఒక్కో వైపు 0.2, 0.3 వోల్టులుంటే ఫర్వాలేదు. అర వోల్టు దాటితే తుప్పు పట్టిన ఎర్త్, సన్న వైరు, కాలిన రిలే, వదులైన ఫ్యూజు హోల్డర్ వీటిలో ఏదో ఒకటి ఉంది. పెయింటు గీకకుండా ఛాసిస్‌కి బిగించిన ఎర్త్ చాలా మామూలుగా కనిపించే తప్పు. పంపు విప్పి పరీక్షించే ముందు ఈ ఐదు నిమిషాల పని చేయండి.

*ట్యాంకు మూత.* మూత వదులు చేసి నడపండి. సమస్య పోతే గాలి రంధ్రం మూసుకుపోయి ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడుతోంది.

*పికప్ గొట్టం.* ట్యాంకు పై నుంచి దించిన గొట్టాన్ని అడుగుకు మరీ దగ్గరగా పెడితే, ప్లాస్టిక్ ట్యాంకు అడుగు కాస్త పైకి వచ్చినా నోరు మూసుకుంటుంది. అడుగుకూ గొట్టానికీ మధ్య 6 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచి, మూతిని ఏటవాలుగా కోయడం మంచిది. మరీ ఎత్తులో ఉంటే పావు ట్యాంకులోనే గాలి పీలుస్తుంది. ఇంకో సంగతి కూడా చూడాలి. రిటర్న్ పైపును పికప్ పక్కనే వదిలితే వేడి నురగ డీజిల్ మళ్లీ లోపలికే పోతుంది. రిటర్న్‌ను దూరంగా, డీజిల్ మట్టం కింద వదలాలి. ట్యాంకు అడుగున సంప్ అనే చిన్న గిన్నె బిగించుకున్నవాళ్లకు పావు ట్యాంకు బెడద ఉండదు గాని, రాళ్లు తగిలే చోట తిరిగే బండికి సంప్ వద్దని నా అభిప్రాయం.

*గాలి.* హై ప్రెజర్ పంపు ముందు ఒక అడుగు పొడవు పారదర్శక హోసు కలపండి. ఇది పరీక్షకే, శాశ్వతంగా ఉంచేది కాదు. స్టార్ట్ చేసిన కొత్తలో ఒకటి రెండు బుడగలు సహజం. ఆగకుండా సన్న బుడగల వరస వస్తుంటే గాలి పడుతోంది. పీల్చే వైపు ఉన్న లీకు బయటికి డీజిల్ కార్చదు, గాలిని మాత్రం లోపలికి లాగుతుంది. అందుకే కింద చుక్క కనబడనంత మాత్రాన లీకు లేదనుకోకూడదు. ట్యాంకు నుంచి లిఫ్ట్ పంపు దాకా ఉన్న భాగాన్ని రెండు కొసల్లో విప్పి, ఒక వైపు మూసి, రెండో వైపు నుంచి 0.3 బార్‌కు మించని గాలి ఇచ్చి, జాయింట్లకు సబ్బునీళ్లు రాయండి. క్విక్ కనెక్టర్ల ఓ-రింగులు, ఫిల్టర్ హెడ్, మెలి తిప్పి బిగించే మామూలు క్లిప్పులు ముందుగా అనుమానించాల్సినవి. ట్యాంకు లోపల వాడిన హోసు కూడా లోపలా బయటా డీజిల్‌లో మునిగి ఉండటానికి తయారైన రకం కాకపోతే మెత్తబడి, చీలిపోతుంది.

*అడ్డులు.* ఫిల్టర్‌కు ముందూ వెనకా ప్రెజర్ కొలవండి. తేడా ఎక్కువగా ఉంటే ఫిల్టర్ మార్చాల్సిందే. అర అంగుళం హోసు వేసి, చివర్లో పాత సన్న బాంజో బోల్టు (డీజిల్ లోపలి నుంచి పోయే బోలు బోల్టు) అలాగే ఉంచేస్తే ఆ హోసు వల్ల లాభం సున్నా. ఎల్బోలు, టీ జాయింట్లు లెక్కపెట్టండి, తగ్గించగలిగినన్ని తగ్గించండి. లోపలి పొర ఊడిన హోసు పైకి కొత్తగానే కనిపిస్తుంది, పీల్చేటప్పుడు మాత్రం ఆ పొర తలుపులా మూసుకుంటుంది.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే ఒకే పరీక్షతో సగం వ్యవస్థను పక్కన పెట్టొచ్చు. శుభ్రమైన డబ్బాలో మంచి డీజిల్ పోసి, కొత్త హోసుతో లిఫ్ట్ పంపు ఇన్‌లెట్‌కి కలపండి. నిప్పుకు దూరంగా, ఆరుబయట, బండి నిలిపి ఉంచే చేయండి. గాలి బుడగలు ఆగిపోయి ప్రెజర్ నిలబడితే తప్పు ట్యాంకుకూ లిఫ్ట్ పంపుకూ మధ్య ఉంది. మారకపోతే లిఫ్ట్ పంపు, దాని తర్వాతి భాగాలు చూడాలి.

డీజిల్ నాణ్యత గురించి క్లుప్తంగా: వాటర్ సెపరేటర్‌లోంచి గాజు సీసాలోకి తీసి పది నిమిషాలు ఉంచండి. అడుగున నీళ్లు చేరితే, లేదా నల్లటి జిగట కనిపిస్తే ట్యాంకు దించి కడగాలి. ఆ జిగట నీళ్లకూ డీజిల్‌కూ మధ్య పెరిగే సూక్ష్మజీవులది. గడ్డకట్టే చలిలో అయితే మైనం పేరుకుని ఫిల్టర్ మూసుకుపోతుంది. బండి వెచ్చబడితే అది తనంతట తానే విడిపోతుంది.

నాలుగో అడుగు: హై ప్రెజర్ వైపు, ముందు స్కానర్‌తో

ఇన్‌లెట్‌లో ప్రెజర్ నిలబడుతోంది, బుడగలు లేవు, అయినా పి0087 వస్తోంది. ఇప్పుడు హై ప్రెజర్ వైపుకు రావాలి.

బండి ఆపి కొన్ని గంటలయ్యాక ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి చూడండి. రైల్ ప్రెజర్ సున్నా దగ్గర ఉండాలి. మామూలు మూడు వైర్ల సెన్సర్‌కి 5 వోల్టుల సప్లై, ఒక ఎర్త్, ఒక సిగ్నల్ ఉంటాయి. ప్రెజర్ లేనప్పుడు సిగ్నల్ 0.5 వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంజన్ ఆగి ఉండగా 30 బార్ చూపిస్తే సెన్సర్‌ను, వైరింగ్‌ను అనుమానించండి.

తర్వాత సెల్ఫ్ కొట్టేటప్పుడు చూడండి. ఇంజన్‌ని బట్టి 150 నుంచి 300 బార్ మధ్య ఏదో ఒక హద్దు చేరితే గాని కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవదు. ప్రెజర్ నెమ్మదిగా ఎక్కుతోందా, లేక 80 బార్ దగ్గర ఆగిపోయి కదలడం లేదా గమనించండి. ఆగిపోతే డీజిల్ ఎక్కడో రిటర్న్‌లోకి పోతోంది.

ఇక రోడ్డు మీద లాగ్ తీయండి. మీరు బండి నడుపుతుంటే పక్కన ఇంకొకరు స్కానర్ పట్టుకోవాలి. మూడు అంకెలు చాలు: కంప్యూటర్ అడిగిన రైల్ ప్రెజర్, అసలు వచ్చినది, మీటరింగ్ వాల్వుకు (హై ప్రెజర్ పంపు తోసే డీజిల్‌ను అదుపు చేసే వాల్వు) ఇచ్చిన కమాండ్. నాలుగోది మీ లో ప్రెజర్ గేజి.

ఈ లాగ్ చదవడంలోనే అసలు విషయం ఉంది. అసలు ప్రెజర్ అడిగినదానికంటే కిందికి పడిపోతున్నప్పుడు మీటరింగ్ వాల్వు పూర్తిగా తెరిచి ఉంటే, కంప్యూటర్ చేయగలిగినదంతా చేసింది. పంపు ఇవ్వలేకపోతోంది లేదా ఎక్కడో కారుతోంది. వాల్వు ఇంకా పూర్తిగా తెరుచుకోకముందే ప్రెజర్ పడిపోతే ట్యూన్‌లోని హద్దులు, సెన్సర్ సిగ్నల్, వాల్వు వైరింగ్ చూడాలి. ఐడ్లింగ్‌లో ప్రెజర్ కిందికీ పైకీ ఊగుతూ ఉంటే మీటరింగ్ వాల్వు చెత్తకు అతుక్కుంటోంది. సీపీ3లో ఈ వాల్వు సాధారణంగా కరెంటు లేకపోతే తెరుచుకునే రకం. ప్లగ్గు పీకితే ప్రెజర్ గరిష్ఠానికి వెళ్లి ఇంజన్ గట్టిగా కొట్టుకుంటుంది. పరీక్ష పేరుతో అలా నడపకండి.

ఐదో అడుగు: కారేది ఎక్కడ

ముందు రిలీఫ్ వాల్వు. దాని రిటర్న్ పైపు విప్పి చిన్న సీసాలో పెట్టండి. అది తెరుచుకోకూడని సమయంలో ఒక్క చుక్క వచ్చినా సీటు అరిగిందని అర్థం. ఒకటి రెండుసార్లు తెరుచుకున్నాక ఆ సీటు సరిగా కూర్చోకపోవడం మామూలే. దాన్ని తీసేసి ప్లగ్గు బిగించడం, లోపల వాషర్లు వేసి బిగువు పెంచడం కొందరు చేసే పని. అలా చేసిన బండిలో ప్రెజర్ అదుపు తప్పితే రైలు, పైపులు, ఇంజెక్టర్లు ఆ భారం మోయాలి. మంచి వాల్వు కొని బిగించండి.

తర్వాత ఇంజెక్టర్ల రిటర్న్. బయట రిటర్న్ పైపులున్న ఇంజన్లలో ఒక్కోదానికి ఒక్కో సీసా కట్టి, ఒకే సమయం నడిపి పోల్చండి. మిగతావాటికంటే ఒకటి మూడు రెట్లు పోస్తే అదే తప్పు. కమిన్స్ 5.9 కామన్ రైల్ లాంటివాటిలో రిటర్న్ హెడ్ లోపలే కలిసిపోతుంది. అక్కడ రైలు దగ్గర ఒక్కో పైపు తీసి మూత బిగించి సెల్ఫ్ కొట్టి చూడాలి. ఏది మూసినప్పుడు ప్రెజర్ గబుక్కున ఎక్కితే తప్పు ఆ సిలిండర్‌దే. అయితే ఇంజెక్టర్‌నే నిందించకండి. హెడ్ పక్క నుంచి ఇంజెక్టర్‌లోకి వెళ్లే కనెక్టర్ గొట్టం చెప్పిన టార్క్‌కు, చెప్పిన వరసలో బిగించకపోయినా అచ్చం ఇలాగే కారుతుంది. ఇంజెక్టర్లు మార్చిన వారంలోనే సమస్య మొదలైతే ముందు ఈ బిగింపు చూడాలి. ఇంజెక్టర్ మీద ఉన్న కోడు ఎక్కించాల్సిన ఇంజన్లలో దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించారో లేదో కూడా చూడండి.

ఆరో అడుగు: పంపు చెడిందా, చాలడం లేదా

ఎక్కడా కారడం లేదు, ఇన్‌లెట్ బాగుంది, వాల్వు పూర్తిగా తెరిచి ఉంది, అయినా ప్రెజర్ చాలడం లేదు. ఇప్పుడు చిన్న లెక్క వేయండి. గట్టిగా ట్యూన్ చేసిన డీజిల్ ఇంజన్ ఒక కిలోవాట్‌కు గంటకు సుమారు 0.25 కిలోల డీజిల్ కాలుస్తుందనుకోండి. 300 కిలోవాట్లకు 75 కిలోలు, అంటే దాదాపు 90 లీటర్లు. ఆరు సిలిండర్ల ఇంజన్ 3000 ఆర్‌పీఎం దగ్గర గంటకు 5,40,000 సార్లు ఇంజెక్ట్ చేస్తుంది. ఒక్కో ఇంజెక్షన్‌కు సుమారు 167 ఘన మిల్లీమీటర్లు. దీనికి ఇంజెక్టర్ల రిటర్న్ కలిపి, ఆ మొత్తాన్ని హై ప్రెజర్ పంపు అదే వేగంలో ఇవ్వగలదేమో దాని వివరాల్లో చూడండి. ఇవ్వలేకపోతే పంపు పాడవలేదు, చాలడం లేదు. అదే సైజు కొత్త పంపు వేసినా ఫలితం మారదు. పెద్ద స్ట్రోక్ పంపు, రెండో పంపు, లేదా ట్యూన్‌ను తగ్గించడం, ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. గంటకు 90 లీటర్లు మాత్రమే కాలుతుంటే 500 లీటర్ల లిఫ్ట్ పంపు ఉన్న బండిలో ఇంకా పెద్ద లిఫ్ట్ పంపు దేనికి? లిఫ్ట్ పంపు మార్చాలని తొందరపడేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి చూడాలి.

కంపెనీ ట్యూన్‌లో కూడా ఇవ్వలేకపోతే పంపు నిజంగానే అరిగింది.

సీపీ4 రకం పంపు ఉంటే మార్చే ముందు మీటరింగ్ వాల్వు తీసి, దాని జల్లెడ చూడండి. మెరిసే లోహపు పొడి కనిపిస్తే లోపల రోలర్ టాపెట్ అరిగిపోయింది. ఆ పొడి అప్పటికే రైలుకు, ఇంజెక్టర్లకు, రిటర్న్ గుండా ట్యాంకుకు చేరి ఉంటుంది. పంపు ఒక్కటే మార్చితే కొత్తది కూడా అదే దారి పడుతుంది. ఇంజెక్టర్లు, రైలు, హై ప్రెజర్ పైపులు మార్చి, ట్యాంకు, లో ప్రెజర్ పైపులు పూర్తిగా కడిగి, ఫిల్టర్లు కొత్తవి వేయాలి. ఖర్చు ఎక్కువే, కానీ ఇంతకంటే తక్కువలో అయ్యే దారి లేదు.

మెకానికల్ పంపులున్న బండ్లు

పీ7100 పంపున్న కమిన్స్ 12 వాల్వుల ఇంజన్లలో ఫుల్ లోడులో సప్లై ప్రెజర్ పడిపోతే ముందు పంపు రిటర్న్ దగ్గరున్న ఓవర్‌ఫ్లో వాల్వు చూడండి. అందులోని స్ప్రింగు బలహీనపడితే లిఫ్ట్ పంపు ఎంత మంచిదైనా ప్రెజర్ నిలవదు. ఎలక్ట్రానిక్ కంట్రోలుతో నడిచే వీపీ44 పంపు సంగతి వేరు. దానికి చల్లదనమూ జిడ్డూ రెండూ తనలోంచి పోయే డీజిల్ నుంచే వస్తాయి. సప్లై తగ్గితే పవర్ తగ్గడం కాదు, పంపే పోతుంది. ఆ బండిలో లో ప్రెజర్ గేజి లేకుండా ఒక్క కిలోమీటరు కూడా నడపవద్దు.

బిగించాక

లిఫ్ట్ పంపును ఇగ్నిషన్‌తో నాలుగైదుసార్లు నడిపి, గాలంతా పోయాకే సెల్ఫ్ కొట్టండి. ఒక్కోసారి 15 సెకన్లకు మించకుండా కొట్టి, మధ్యలో స్టార్టర్ చల్లారనివ్వండి. పొడి పంపును తిప్పితే లోపల గీతలు పడతాయి. స్టార్ట్ అయ్యాక ఐడ్లింగ్‌లో అట్టముక్కతో జాయింట్లన్నీ చూసి, తక్కువ ట్యూన్‌లో రోడ్డెక్కి, అవే నాలుగు అంకెలతో మళ్లీ లాగ్ తీయండి. అది సరిగ్గా ఉంటేనే పెద్ద ట్యూన్ వేయండి. పని మొదలుపెట్టే ముందు తీసిన లాగ్ పక్కన ఈ కొత్తది పెట్టి దాచుకోండి. ఈసారి ప్రెజర్ తగ్గినప్పుడు ఏ అంకె ముందు మారిందో పోల్చి చూడటానికి పనికొస్తుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మొదటి ఫిల్టర్‌ను కోసి, మడతలు విప్పి వెలుతురులో చూడండి. హోసు ముక్కలు, ట్యాంకుకు రంధ్రం పెట్టినప్పటి ప్లాస్టిక్ తురుము, లోహపు పొడి ఉంటే అక్కడే కనిపిస్తాయి.